సవరలు — వారి భాష

ప్రతి సంవత్సరము ఆగస్టు 29వ తేదీన మనము తెలుగు భాషా దినోత్సవము జరుపుకొనుచున్నాము. ఆనాడు గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారి పటమునకు పూలదండ వేయుదుము. వాడుకభాషకు పుస్తకములలో చోటు కల్పించిన మహనీయుడని ఉపన్యాసములు చెప్పుదుము. ఆ మాట నిజమే. (ఈ వ్యాసము పాతవ్రాతలో సాగుట చూచినచో పంతులుగారు నవ్వుకొనెడివారేమో! పత్రికకు వ్రాయ కూర్చున్నపుడు నా కలము ఆ దారినే పోవును.) కాని వాడుకభాషోద్యమమునకు ముందే మొదలై, దానితో పాటుగా కడదాక సాగిన కృషి మరియొకటి ఆయన జీవితములో కలదు. అది తెలుగును గురించినది కాదు. తెలుగుతో చుట్టరికమే లేని యొక కొండజాతివారి భాషను గురించినది. ఆ జాతివారు సవరలు. దినోత్సవసభలలో వారి పేరు అంతగా వినబడదు. చెన్నైలో ఉండి తెలుగు చదువుకొను మనకు వారి కథతో పని యేమని మీకు తోచవచ్చును. ఓపికతో చదువుడు, మీకే తెలియగలదు.

తూర్పు కనుమలలో, ఆంధ్రప్రదేశమును ఒడిశాయు కలియుచోట, సవరల నివాసము. ఇటు శ్రీకాకుళము, పార్వతీపురం మన్యం జిల్లాలు. అటు గజపతి, రాయగడ జిల్లాలు. ఇటువైపున సీతంపేట, భామిని, మెళియాపుట్టి, గుమ్మలక్ష్మీపురము, అటువైపున పర్లాకిమిడి, గుణుపురము, సెరంగో వారి పల్లెలకు దగ్గరి ఊళ్లు. వంశధార నది ఈ కొండల నడుమనుండి దిగి కళింగపట్టణమువద్ద సముద్రమున కలియును. తేయాకుతోటలలో పనికై పూర్వము అస్సామునకు పోయి అక్కడనే స్థిరపడినవారును కొందరు కలరు. 2011 జనాభా లెక్కలలో దేశమంతట సవరను తమ మాతృభాషగా చెప్పినవారు 4 లక్షల 9 వేలకు పైబడిరి. మనము వారిని సవరలందుము గాని, తమ్ము తాము వారు ‘సొర’ యని చెప్పుకొందురు.

శబరుల పేరు మిక్కిలి పాతది. ఐతరేయ బ్రాహ్మణములో శునశ్శేపుని కథ కలదు. అందు తన మాట పాటింపని కుమారులను విశ్వామిత్రుడు శపించును. ఆ కుమారుల సంతతివారే ఆంధ్రులు, పుండ్రులు, శబరులు, పులిందులు, మూతిబులు అని అచ్చట చెప్పబడినది. ఆంధ్రుల పేరు కానవచ్చు మిక్కిలి ప్రాచీనమైన చోట్లలో ఇది యొకటి. ఆ చోటనే, ఆ వరుసలోనే, శబరులును ఉన్నారు. రామునికి ఆతిథ్యమిచ్చిన శబరి కథ మీరెరిగినదే. అయితే పూర్వులు శబర శబ్దమును పెక్కు అడవిజాతులకు వాడిరి గనుక, గ్రంథములలోని శబరులందరును నేటి సవరలే యని తీర్మానించుట సాహసము. ఆంధ్రుల ప్రక్కన ఈ పేరు కనబడుచున్నది. మనకు అంతమాత్రము చాలును.

సవరలు కొండవాలున పోడు వ్యవసాయము చేయుదురన్నది అందరికిని తెలిసినదే. వారు కట్టు మళ్లను గూర్చి తెలిసినవారు తక్కువ. లోయలలో వాగు దిగు దారివెంట, మెట్టుపై మెట్టుగా, రాళ్లు పేర్చి గోడలు కట్టి, సున్నముగాని సిమెంటుగాని లేకుండ నీటిని ఒక మడినుండి మరియొక మడికి దింపుచు వరి పండింతురు. ఇంటి గోడపై ఎఱ్ఱమట్టి పూసి, దానిమీద బియ్యపుపిండితో తెల్లని బొమ్మలు వేయుదురు: గుఱ్ఱములు, చెట్లు, వరుసలు కట్టి నాట్యమాడు మనుష్యులు. అది అలంకారముకొఱకు వేసినది కాదు; చనిపోయినవారికో, దేవతకో ఇంటిలో చేసిన చోటు. సవరల పాతమతములో చనిపోయినవారు ఒక్కసారిగా వెడలిపోరు. పూనకము వచ్చిన స్త్రీ నోట వారు మాటలాడుదురు; బ్రదికియున్నవారు వారితో వాదింతురు, ఏడ్తురు, లెక్కలు తీర్చుకొందురు. వెరియర్ ఎల్విన్ 1955లో సవరల మతమును గూర్చి పెద్దగ్రంథము ప్రకటించెను. అటు పిమ్మట పియర్స్ విటెబ్‌స్కీ అను ఆంగ్లేయ పండితుడు సవరపల్లెలలో ఏండ్లకొలది మెలగి, ఈ సంభాషణలను గూర్చియే 1993లో ఒక గ్రంథము వ్రాసెను. 2017లో వచ్చిన ఆయన రెండవ గ్రంథమునకు కథావస్తువు వేరు: క్రొత్తతరము సవరలు అనేకులు క్రైస్తవులైరి, కొందరు హిందూసంప్రదాయములను చేపట్టిరి, చనిపోయినవారితో మాటలాడుట ఆగిపోవుచున్నది.

ఇక భాష. దీనిని గూర్చి కొంత నిదానముగ చెప్పవలసియున్నది.

తెలుగు, తమిళము, కన్నడము, మలయాళము ఒక కుటుంబమునకు చెందినవని మీరు చదివియున్నారు. కొండలలోని కోయ, గోండి, కువి భాషలును ఆ ద్రావిడ కుటుంబములోనివే. సవర ఆ కుటుంబముది కాదు. సంస్కృతము, హిందీ, ఒడియా చేరిన ఆర్యభాషా కుటుంబముదియు కాదు. అది ముండా భాష. సంతాలీ, ముండారీ, హో మున్నగునవి దాని తోబుట్టువులు. ఈ ముండా శాఖకును, తూర్పుననున్న ఖాసీ, బర్మాలోని మోన్, కంబోడియాలోని ఖ్మేర్, వియత్నాము భాషలకును మూలమొక్కటే యని పండితులు తేల్చిరి. 1906లో ష్మిట్ అను పండితుడు ఈ పెద్దకుటుంబమునకు ఆస్ట్రోఏషియాటిక్ అని పేరిడెను. శ్రీకాకుళపు కొండభాషకు కంబోడియాలో చుట్టములా యని మీకు ఆశ్చర్యము కలుగవచ్చును. రెండు మాటలు చూడుడు. పులిని సవరలు ‘కినా’ అందురు. ముండారీలో ‘కులా’, ఖ్మేరులో ‘ఖ్లా’. నీరు సవరలో ‘డాఅ’. సంతాలీలో ‘దాక్’, ఖ్మేరులో ‘తిక్’. ఒకటి రెండు మాటలు కలిసినంతమాత్రమున చుట్టరికము స్థిరపడదు. ఇట్టివి వందలకొలది, ఒక క్రమము తప్పక కలియుటచేతనే పండితులు ఒప్పుకొనిరి.

పైని ‘డాఅ’ అని వ్రాసితిని గాని, ఆ వ్రాత సరియైనది కాదు. ‘డా’ పలికి, గొంతును ఒక్క క్షణము బిగించి, విడిచి, మరల ‘అ’ పలుకవలెను. ఆ బిగింపు వారికి ఒక హల్లు. మనకు ‘క’ ఎట్లో వారికి అది అట్లు. తెలుగు అక్షరమాలలో దానికి గుర్తు లేదు. చెవికి అలవాటు లేనివానికి అది వినబడనే వినబడదు. ‘తమిళ్’ అను మాట చివరనున్న ధ్వనిని మన చిన్నపిల్లలు మొదట ‘ల’ అనియో ‘ళ’ అనియో పలుకుట మీరెరుగుదురు. వారి చెవిలో లోపమేమియు లేదు. ఇంటిలో వినని ధ్వనిని చెవి తనకు తెలిసిన దగ్గరి ధ్వనిలో కలిపివేయును. అంతే.

సవరక్రియ మరియొక వింత. మనము “పులి నిన్ను పట్టును” అని మూడు మాటలు చెప్పుదుము. సవర ఒక్కమాట చాలునని ‘ఞమ్‌కిడ్తమ్’ అనును. ‘ఞమ్’ అనగా పట్టుట. ‘కిడ్’ అనగా పులి. ‘త్’ జరుగబోవు కాలమునకు గుర్తు. ‘అమ్’ అనగా నిన్ను. ‘కినా’ అను మాట విడిగానున్నపుడు నిండురూపముతో ఉండును. క్రియలో చొచ్చినపుడు కుదించుకొని ‘కిడ్’ అగును. ఇట్లు పెక్కు నామములకు విడిగా ఒక రూపమును, క్రియ కడుపులో ఒదుగుటకు మరియొక పొట్టిరూపమును కలవు. క్రియలో కర్మ కలిసిపోవు భాషలు లోకమున ఇంకను ఉన్నవి. పనిచేయు కర్తయే, ఇక్కడి పులివలె, క్రియలో దూరుట అరుదు. అందువలననే దూరదేశముల భాషాశాస్త్రవేత్తలు నేటికిని సవరను ఉదాహరించుచుందురు. “అడవిభాషకు వ్యాకరణమేమిటి” అని చులకన చేయువారు ఈ యొక్కమాటను విప్పి చూచిన మేలు.

అంకెలతో సవర మనలను ఇంకను తికమకపెట్టును. నేను ఆంధ్రప్రదేశమున ఉపాధ్యాయ శిక్షణ పొందిన దినములలో, సీతంపేట ప్రాంతమునుండి వచ్చిన సవర సహాధ్యాయి యొకడు సాయంకాలములందు మాకు వానిని నేర్పెడివాడు. అబొయ్, బాగు, యాగి, ఉంజి, మొల్లొయ్, తుడ్రు, గుల్జి, తమ్‌జి, తిన్‌జి, గల్జి: ఇవి పది. పదకొండు గల్‌ముయ్. పండ్రెండు మిగ్గల్. పదుమూడు వచ్చుసరికి మేమందరము ‘గల్జి’తో ఏదో కలుపవలెనని ఊహించితిమి. అతడు ‘మిగ్గల్‌బొయ్’ అనెను. అనగా పండ్రెండును ఒకటియు! పదునాలుగు పండ్రెండును రెండును. అట్లే పందొమ్మిది పండ్రెండును ఏడును. ఇరువదికి మరల క్రొత్తమాట, ‘బొకొడి’: ఒక కొడి, అనగా ఒక ఇరువది. అక్కడనుండి ఇరువదులు ఒక ప్రక్కను, పండ్రెండ్లు ఒక ప్రక్కను నడచును. ముప్పదిమూడు చెప్పవలెనన్న ఇరువది, పండ్రెండు, ఒకటి. నలువది అనిన రెండు ఇరువదులు. తొంబదితొమ్మిది యనిన నాలుగు ఇరువదులు, ఒక పండ్రెండు, ఒక ఏడు. కాగితముపై కూడి చూచుకొనుడు, సరిపోవును.

ఇరువదులతో లెక్కించుట లోకమున కొత్త కాదు. ఫ్రెంచివారు నేటికిని ఎనుబదిని నాలుగిరువదులనియే చెప్పుదురు. మన అంగడిలో అరటిపండ్లు డజనులతో అమ్ముదురు. అయితే పండ్రెండును ఇరువదియు ఒకే లెక్కలో ఇంత చక్కగా పెనవేసికొన్న భాషలు మిక్కిలి అరుదని పండితులమాట.

ఇప్పుడొక బడిని ఊహింపుడు. ఆరేండ్ల సవర బాలుడు ఒకటవ తరగతిలో కూర్చుండెను. ఉపాధ్యాయుడు మైదానమునుండి వచ్చినవాడు, మంచివాడే, సవర రాదు. “పది, మూడు, పదుమూడు” అని పుల్లలు పేర్చి చూపుచున్నాడు. పిల్లవాడు ఇంట నేర్చిన పదుమూడులో పది లేదు, పండ్రెండు కలదు. వాడు పండ్రెండు పుల్లలు ఒక కట్టగా కట్టి, ఒక పుల్ల విడిగా ఉంచినచో లెక్క తప్పినట్లా? వాని లెక్క సరియైనదే. కాని వాని పలకమీద తప్పుగుర్తు పడును. ఇట్టి గుర్తులు పది పడినపిమ్మట బడి మానినచో, “కొండపిల్లలకు లెక్కలు రావు” అను మాట పుట్టును.

చెన్నై పిల్లలకు ఈ చిక్కు కొంత తెలిసినదే. తమిళమున తొంబదిని ‘తొణ్ణూఱు’ అందురు. అందు నూఱు వినబడును. తొమ్మిదివందలను ‘తొళ్ళాయిరం’ అందురు. అందు ఆయిరము, అనగా వేయి, వినబడును. ఇంటిలో తొంబది, తొమ్మిదివందలు అని నేర్చి, అంగడిలో ఇవి విని తడబడిన పిల్లలు మనలో లేకపోలేదు. తెలుగు తమిళములు అక్కచెల్లెండ్రు. వానిమధ్యనే ఇంత సందు ఉన్నచో, సవరకును తెలుగునకును నడుమ ఎంత అగాధము ఉండవలయును!

రామమూర్తి పంతులుగారు ఈ అగాధమును చూచిరి. ఆయన 1863లో వంశధార తీరమున, శ్రీముఖలింగ క్షేత్రమునకు సమీపమందలి పర్వతాలపేటలో జన్మించిరి. బాల్యమున తండ్రి పోయెను. విజయనగరమున చదివి, 1879లో మెట్రిక్యులేషను ముగించి, 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులుగ చేరిరి. జీతము ముప్పది రూపాయలు. చరిత్రపాఠములు చెప్పు ఆ ఉపాధ్యాయునకు సవరలతో పనియేమి? సంతదినములలో కొండ దిగి పర్లాకిమిడికి వచ్చు సవరలను ఆ ఊరివారందరును చూచెడివారు. వారి మాట వినవలెనని కోరిక పుట్టినది పంతులుగారికే. తెలుగు, సవర రెండును వచ్చిన మనిషిని తన ఇంటనే ఉంచుకొని, నిఘంటువుగాని వ్యాకరణముగాని అక్షరముగాని లేని భాషను మాట వెంట మాట నేర్చిరి. కొండపల్లెలు తిరిగిరి. ఆ కొండలు మలేరియాకు నెలవు. జ్వరమునకు క్వినైను విరివిగా వాడుటవలన ఆయనకు చెవుడు వచ్చెనని చెప్పుదురు. గొంతు బిగింపువంటి సూక్ష్మధ్వనులను పట్టుకొనుటకై కొండలెక్కిన మనిషికి ఆ పనిలోనే వినికిడి పోయినది. అయినను ఆయన మానలేదు.

నేర్చినదానితో ఆయన మొదట చేసినపని పండితులకు వ్యాసములు పంపుట కాదు. సవర పిల్లలకొఱకు సవరలోనే వాచకములు, కథలు, పాటల పుస్తకములు సిద్ధపరచి, తన సొమ్ముతో బడులు పెట్టి, ఉపాధ్యాయులకు జీతములిచ్చి, వారి భాషలోనే చదువు చెప్పించిరి. సంవత్సరములను గమనింపుడు. పందొమ్మిదవ శతాబ్ది చివర, దొరల పాలనలో, ముప్పది రూపాయల జీతముతో ఉద్యోగములో చేరిన పంతులు, “ఈ పిల్లలు మా భాష నేర్చినపిమ్మట చదువుకొందురు” అనలేదు. తాను వారి భాష నేర్చుకొనెను. వాడుకభాషోద్యమమునకును మూలము ఇక్కడనే యున్నదని నా నమ్మకము. సవర పిల్లవానికి వాని ఇంటిమాటలో చదువు చెప్పిన చేయి, తెలుగు పిల్లవాని చేతిలో ఎవరును పలుకని భాషతో నిండిన పుస్తకమునుంచుటకు ఒప్పుకొనునా?

1913లో ప్రభుత్వము ఆయనకు రావుబహదూరు బిరుదమిచ్చెను. 1934లో కైజరీహింద్ పతకమును ఇచ్చెను. మూడు దశాబ్దములకు మించిన పరిశ్రమకు ఫలమైన సవరభాషా వ్యాకరణము 1931లో వెలువడినది. దానిని అచ్చువేసినది మన నగరమే: మదరాసు ప్రభుత్వ ముద్రణాలయము. 1938లో సవర–ఆంగ్ల నిఘంటువును మదరాసు ప్రభుత్వమే ప్రకటించెను. ముండాభాషలను శాస్త్రీయముగ పరిశీలించిన తొలి భారతీయులలో ఆయన యొకరు. ఆయన పుత్రులు గిడుగు వేంకట సీతాపతిగారును తండ్రిదారిలో నడచి సవరల పాటలను సేకరించిరి.

ఈ రెండు గ్రంథముల నడుమ ఒక సంఘటన జరిగినది. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒడిశా రాష్ట్రము ఏర్పడినది. పర్లాకిమిడి పట్టణము ఆ రాష్ట్రములో చేర్చబడినది. దానికి సమ్మతింపని పంతులుగారు, డెబ్బదిరెండేండ్ల వయస్సున, అర్ధశతాబ్దికి పైగా నివసించిన ఊరిని విడిచి రాజమహేంద్రవరము చేరిరి. 1940 జనవరి 22న దివంగతులైరి. పటముమీద గీసిన ఆ గీతకు అటువైపున మిగిలిన తెలుగువారు ఒక్కరోజున అల్పసంఖ్యాకులైరి. మదరాసు తెలుగువారికి అట్టి దినము 1953 అక్టోబరు 1న వచ్చినది. ఆంధ్రరాష్ట్రము ఏర్పడినది, నగరము ఇటు నిలిచినది. ఈ కథ మన పెద్దలు మనకు పలుమారులు చెప్పియున్నారు. ఆ 1936 నాటి గీతయే సవరకొండలను నిట్టనిలువున రెండుగా చీల్చినదన్నమాట మాత్రము ఎవరును చెప్పరు. తెలుగువారికి గీతకు ఒకప్రక్కనైనను తమ భాష ఏలుబడిలో ఉన్నది. సవరకు రెండు ప్రక్కలను లేదు.

దాని ఫలితము వ్రాతలో కనబడును. ఆంధ్రప్రదేశమున సవరను తెలుగు అక్షరములతో వ్రాయుదురు. ఒడిశాలో ఒడియా అక్షరములతో. క్రైస్తవ మిషనరీల పుస్తకములు రోమను అక్షరములలో వచ్చినవి. ఇవి చాలనట్లు, 1936 జూన్ 18న, అనగా గీత గీసిన మూడవ మాసముననే, మంగేయి గొమాంగో అను సవర పెద్ద తమ భాషకు సొంతలిపిని కల్పించెను. దాని పేరు ‘సొర సొంపెంగ్’. అంకెలు కూడ దానికి వేరుగా కలవు. సవరలలో ఒక వర్గము ఆ లిపిని దైవదత్తముగా భావించి పూజించును. 2012లో అది యూనికోడులో చేరినది గనుక నేడు కంప్యూటరు మీదను వ్రాయవచ్చును. నాలుగు లక్షలమంది, నాలుగు లిపులు! సీతంపేట బాలుడు వ్రాసిన ఉత్తరమును గుణుపురములోని మేనమామ చదువలేడు. చదివి వినిపించినచో ఇద్దరికిని అర్థమగును.

ఇట్టి స్థితి మన దేశమునకే ప్రత్యేకము కాదు. మెక్సికో దేశపు నడిభాగమున, రాజధానికి ఉత్తరమున మెజ్‌కీతాల్ లోయలోను, పరిసర ప్రాంతములలోను ఒటొమీ యను జాతివారు కలరు. వారి భాష మాటలాడువారు సుమారు మూడు లక్షలు. ఒటొమీ యన్న పేరు వారిని ఏలిన ఇరుగుపొరుగువారు పెట్టినది. మెజ్‌కీతాల్ లోయవారు తమను తాము ‘హ్‌ఞాహ్‌ఞు’ అందురు, సవరలు ‘సొర’ యనుకొన్నట్లే. ఆజ్‌టెక్కులు మందబుద్ధిని నిందింపవలసినపుడు “నీవు ఒటొమీవి” అనెడివారట. ఆ భాషకును 1605 నాటికే ఒక నిఘంటువు కలదు. వ్రాసినవాడు ఉర్బానో అను క్రైస్తవ సన్యాసి. 2003లో మెక్సికో ప్రభుత్వము ఇట్టి దేశభాషలన్నిటిని స్పానిషుతో సమానముగ జాతీయభాషలని చట్టము చేసినది. చట్టము వచ్చినంత త్వరగా బడిలో పుస్తకము రాదని అచ్చటివారును తెలిసికొనిరి.

మన దేశమున రాజ్యాంగములోని 350-ఏ అధికరణము, అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో లభించునట్లు ప్రతి రాష్ట్రమును ప్రయత్నింపవలెనని చెప్పుచున్నది. 1956లో చేర్చిన ఈ అధికరణము చెన్నైలోని తెలుగు బాలునకును, సీతంపేటలోని సవర బాలునకును ఒక్కటియే. తమిళనాట 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టము మెట్టుమెట్టుగా పైకెక్కి 2016లో పదవతరగతి పరీక్షను చేరినపుడు, తెలుగు, ఉర్దూ, కన్నడ, మలయాళ పిల్లల తలిదండ్రులు న్యాయస్థానముల మెట్లెక్కి మినహాయింపులు తెచ్చుకొనిరి. ఆ దినములలో మన ఇండ్లలో జరిగిన చర్చలు తలిదండ్రులకు జ్ఞాపకమే. తమిళము నేర్వకూడదని ఎవరును అనలేదు. ఈ ఊరిలో బ్రదుకువారికి అది కావలసినదే. పిల్లవాని మొదటి అక్షరము ఇంటిభాషలో పడవలెనని మాత్రము అడిగితిమి.

అదేమాట సవరలు ఎవరిని అడుగవలెను? మనలను. ఆ కొండలలో తెలుగు పెద్దభాష. కచేరిభాష, సంతభాష, బస్సుభాష, పరీక్షభాష. ఇక్కడ మనము ఏ బరువు మోయుచున్నామో, అక్కడ ఆ బరువు మన భాషదే. చెన్నైలో ఈ సంగతి తోచినంత సులువుగా విజయవాడలో తోచదేమో యని నాకు అనిపించును.

పంతులుగారి బడులు ఆయనతోనే సన్నగిల్లినవి. ప్రభుత్వము ఆ దారి పట్టుటకు చాలకాలము పట్టినది. నాటి ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 2004లో ఎనిమిది గిరిజన భాషలలో ప్రాథమిక బోధనకు ఏర్పాటు ఆరంభించెను: సవర, కువి, కొండ, ఆదివాసీ ఒడియా, కోయ, గోండి, కొలామి, లంబాడీ. సవర వాచకములు తెలుగులిపిలో అచ్చయినవి. పిల్లవాడు మొదట తన భాషలో చదివి, క్రమముగ తెలుగునకు, పిమ్మట ఆంగ్లమునకు వచ్చునట్లు ఆ పథకము. కొలదికాలమునకు ఒడిశాయు ఇట్టి పథకమునే చేపట్టినది. అందును సవర కలదు. పుస్తకము అచ్చువేయుట సులభము. దానిని చెప్పగల పంతులు దొరకుట కష్టము. ఏజెన్సీ ప్రాంతపు ఉపాధ్యాయ పదవులన్నియు స్థానిక గిరిజనులకే యని 2000లో ఇచ్చిన ప్రభుత్వ ఉత్తర్వు 3ను, నూటికి నూఱుపాళ్లు కేటాయించుట చెల్లదని 2020 ఏప్రిలులో సుప్రీముకోర్టు కొట్టివేసినది. న్యాయసూక్ష్మములు నాకు తెలియవు. బడిలో కూర్చున్న ఆరేండ్ల పిల్లవాని మాట అర్థమగు ఉపాధ్యాయుని వేరొక దారిన తెచ్చుట ఎట్లో, ఆ ఉత్తర్వు పోయినపిమ్మట ఆలోచింపవలసినవారు ఆలోచింపక తప్పదు. 2003లో సంతాలీ రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులో చేరినది. దాని తోబుట్టువగు సవర చేరలేదు.

సవర వాచకము ఎప్పుడైన చేతికి దొరకినచో తెరచి చూడుడు. అక్షరములు మనవే గనుక మన ఆరవతరగతి విద్యార్థి తడువుకొనక గడగడ చదువును. ఒక్క మాటకును అర్థము తెలియదు. కొండమీద సవర బాలుడు తెలుగు వాచకమును పైకి చదువుచున్నపుడు, వెనుక నిలిచి విన్న తనిఖీ అధికారికి వినబడునది అట్టి చదువే.